ఇసకోళ్ళ అల్లుడు

విజయవాడ భవానీపురంలో రామకోటేశ్వరరావుగారి హాల్లో గోడంత టీవీ ఉంది. ఆ ఆదివారం పొద్దున దాని ముందు నలుగురు మగాళ్ళు, ఏ సత్యనారాయణ వ్రతానికీ కూర్చోనంత భక్తిగా కూర్చుని, స్కాట్లాండులో సముద్రం పక్కనున్న ఒక గోల్ఫు కోర్సును చూస్తున్నారు. వందల ఏళ్ళ నాటిదట. రాజులు ఆడిన నేలట. కాఫీలు పట్టుకొచ్చిన రామతులసి కూడా గుమ్మంలో నిలబడి ఆ నేలను చూసింది. చూసి, ట్రే కింద పడేసినంత పని చేసింది.

ఇసక దిబ్బలు. దిబ్బల మీద గాలికి పక్కకి వాలిపోయిన గడ్డి. నీడకి ఒక్క చెట్టు లేదు. ఎక్కడ చూసినా ముళ్ళపొదలు. అవతల బూడిదరంగు సముద్రం. ముళ్ళపొదలకి పసుపు పూలున్నాయన్న మాటే గానీ, అది అచ్చంగా ఆవిడ పుట్టిన ఊరు.

"అబ్బ, ఏం నేలండీ!" అన్నాడు డాక్టర్ హర్షవర్ధన్. ఆయన ఎముకల డాక్టరు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆస్పత్రి. మిగతా ముగ్గురికీ గోల్ఫు అంటించింది ఆయనే.

"జన్మకో శివరాత్రి!" అన్నాడు రామకోటేశ్వరరావు, కళ్ళు చెమర్చి.

రామతులసి కాఫీలు ఇచ్చి వంటింట్లోకి వెళ్ళి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో నవ్వుకుంది. తర్వాత నవ్వు పోయి ఒళ్ళు మండింది. ఆ మంట ఎందుకో తెలియాలంటే ఆవిడ సంగతి కొంత చెప్పాలి.

రామతులసిది దివిసీమ కొసన ఈతలతిప్ప. సముద్రం ఊరికి ఎంత దగ్గరంటే, గాలి గట్టిగా వీచిన రోజున మూత పెట్టని అన్నంలో ఇసక పడుతుంది. వాళ్ళ నాన్న ఆ ఇసకలోనే సరుగుడు వేసి, వేరుశనగ వేసి, పిల్లల్ని పెంచాడు. రామకోటేశ్వరరావుగారిది పామర్రు దగ్గర రేగడి నేల. కాలవ కింద మాగాణి. కృష్ణా డెల్టాలో రేగడి ఉన్నవాళ్ళకి కులం కన్నా గొప్ప అహంకారం ఒకటుంటుంది. నల్లమట్టి కాళ్ళకంటుకుంటే వదలదు, ఆ గర్వమూ అంతే. ఎరువుల వ్యాపారంలోకి దిగి, పొలాలు కౌలుకిచ్చి, ఏళ్ళ తరబడి గట్టు మీద కాలు పెట్టకపోయినా రామకోటేశ్వరరావుకి అది వదల్లేదు.

ఇసకలో బస్సు దిగబడుతుందని పెళ్ళి కూడా ఆడపిల్ల ఊళ్ళో వద్దన్నారు. బెజవాడ సత్రంలో చేయించుకున్నారు. అత్తగారు కొత్త కోడలి కాళ్ళు చూసి "ఇంకా రాలలేదే ఇసక" అన్నది మొదటి మాట. ఆ తర్వాత ఆ ఇంట్లో రామతులసి పుట్టింటివాళ్ళకి వేరే పేరు లేదు. ఇసకోళ్ళు. "ఇసకోళ్ళు ఫోన్ చేశారా?" "ఇసకోళ్ళ పెళ్ళికి మనం పోవాలా?" రామకోటేశ్వరరావుకి ఒక ఇష్టమైన చమత్కారం కూడా ఉండేది. మీ నేలలో నీళ్ళు పోస్తే నిలవవు, మీ వాళ్ళకి మాట చెబితే నిలవదు అనేవాడు. దాన్ని పెళ్ళైన కొత్తలో ఒకసారి అని ఊరుకుంటే పోయేది. కూతురు సాయిశ్రీ పెళ్ళిచూపుల్లో కూడా అన్నాడు. అన్నప్పుడల్లా తనే ముందు నవ్వేవాడు.

ముప్పై ఏళ్ళు దాటినా ఆ మనిషి అత్తారింట్లో ఒక్క ముద్ద తినలేదు. మామగారు పోయినప్పుడు పెద్దకర్మకి వచ్చాడు. ఫొటోకి దండం పెట్టి, వెనక్కి తిరిగి కారెక్కాడు. రామతులసి అన్నయ్య హనుమయ్య అప్పటికే అల్లుడిగారికని పెద్ద విస్తరి వేసి ఉంచాడు. కారు దాకా పరిగెత్తి చేతులు జోడించి పిలిచాడు. ఈయన అద్దం సగమే దించి "పనుంది హనుమయ్యా" అన్నాడు. సగమే ఎందుకంటే, పూర్తిగా దించితే ఇసక పడుతుందట లోపల. ఆ విస్తరిలో అన్నం గేదెకి పెట్టారు. అన్నయ్య మొహం ఆ పూట ఎలా ఉందో రామతులసి మరచిపోలేకపోయింది. అప్పట్నుంచీ ఆవిడకి నగల మీద, చీరల మీద, యాత్రల మీద కోరికలు చచ్చిపోయి ఒక్కటే మిగిలింది. ఈ మనిషి ఒక్కసారి తన పుట్టింట్లో విస్తరి ముందు కూర్చోవాలి. అన్నయ్య వడ్డిస్తే తినాలి. కనకదుర్గమ్మకి మొక్కుకుంది కూడా.

అలాంటి మనిషి ఇప్పుడు ఇసకని చూసి కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడు.

"లింక్స్ అంటే ఏంటో తెలుసా నీకు?" అన్నాడు ఆ మధ్యాహ్నం భోజనం చేస్తూ. "సముద్రానికీ సాగునేలకీ మధ్యలో ఉంటుంది. దుక్కికి పనికిరాదు, పంటకి పనికిరాదు. దేవుడు గోల్ఫు కోసమే పుట్టించాడు."

"అంటే పర్రేగా అండీ."

"పర్రేంటే, పర్ర! పర్ర మీ ఊళ్ళో ఉంటుంది. ఇది లింక్స్."

"మరి వానొస్తే?"

"అక్కడే ఉంది గొప్పంతా! ఎంత వాన కురిసినా చుక్క నిలవదు. పీల్చేసుకుంటుంది. అరగంటలో మళ్ళీ ఆడుకోవచ్చు. అలాంటి నేల ఎక్కడుంటుంది చెప్పు?"

రామతులసి చారు వడ్డించింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఈయనకి పొరుగు దేశం ఇసక కూడా రుచిగానే ఉంది.

నిజానికి ఆ నలుగురికీ గోల్ఫు వచ్చిందీ లేదు, రాబోయేదీ లేదు. గన్నవరం దగ్గర ఒక వెంచర్లో అమ్ముడుపోని ప్లాట్ల మీద వల కట్టి, పచ్చ చాపలు పరిచి, బంతులు కొట్టుకునే చోటొకటి పెట్టారు. అక్కడ కొడితే బంతి కన్నా చాప ముందు ఎగిరేది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని, వీళ్ళు స్కాట్లాండు పెట్టుకున్నారు. ప్రయాణం సెప్టెంబరులో. కానీ ప్రయాణపు పనులు సంక్రాంతి నుంచే మొదలయ్యాయి. గాలికి ఆగే కోట్లు, వానకి తడవని ప్యాంట్లు, గళ్ళ టోపీలు వచ్చాయి. రామకోటేశ్వరరావు ఆ టోపీ పెట్టుకుని ఏసీ వేసుకుని కూర్చునేవాడు, అలవాటు కావాలని.

మొదటి బంతి కొట్టడానికి సిద్ధాంతిగారి చేత ముహూర్తం కూడా పెట్టించాడు. ఆయన మన పంచాంగం చూసి, మన సూర్యోదయానికి లెక్క కట్టి, దివ్యమైన ఆదివారం ఒకటి పెట్టాడు. తీరా చూస్తే అక్కడ ఆదివారం ఆట లేదట. ఆ ఒక్క రోజు నేల ఊరివాళ్ళదట. ముసలివాళ్ళు కుక్కల్ని తిప్పుకుంటారు, పిల్లలు దొర్లుతారు. "అంత పవిత్రమైన చోట కుక్కల్నా!" అని రామకోటేశ్వరరావు రెండ్రోజులు బాధపడ్డాడు. సిద్ధాంతిగారికి ఇంకో దక్షిణ ముట్టాక ముహూర్తం బుధవారానికి జరిగింది.

అంతా బాగానే ఉంది గానీ ఒక చిక్కు వచ్చింది. అక్కడ ఆడాలంటే చీటీల్లో పేరు రావాలి. చీటీల్లో పేరు వేయాలంటే, ఈయనకి ఆట వచ్చునని తెలిసిన కోచ్ ఒకడు సంతకం పెట్టాలి. హైదరాబాదు నుంచి అమన్ అనే కోచ్‌ని పట్టుకున్నారు. కుర్రవాడే గానీ మొహమాటం లేనివాడు. గన్నవరం చాపల మీద వీళ్ళ విన్యాసం చూసి, సంతకం పెట్టనన్నాడు. "అక్కడ ఇసక, సముద్రం గాలి. అలాంటి చోట కొన్నాళ్ళు ఆడండి సార్. చూసి చెప్తా" అని వెళ్ళిపోయాడు.

మంగినపూడి బీచికి వెళ్ళారు. అక్కడ బజ్జీల బండివాడి వీపుకి ఒక బంతి తగిలేసరికి జనం చుట్టుముట్టారు. నలుగురూ కారెక్కి పారిపోయి వచ్చారు. ఆ సాయంత్రం రామకోటేశ్వరరావు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడు, ఎరువుల డీలరు ఎంత?

"మీ ఊరు ఎలా ఉందే?" అన్నాడు.

రామతులసి చేతిలో గరిటె ఆగిపోయింది. మీ ఊరు! ఇసకోళ్ళ దిబ్బ కాదు, మీ ఊరు.

"ఉందండీ."

"మీ నాన్న నీకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాలు అలాగే ఉన్నాయిగా?"

ఆడపిల్లకి పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చే భూమి ఆడపిల్లదే. అది అమ్ముతారా, ఉంచుతారా అని మగాళ్ళు అడగకూడదని మర్యాద. ఈయన అన్నేళ్ళూ అడగలేదు. మర్యాద తెలిసి కాదు, ఆ ఇసకని ఆస్తిలో జమకట్టక. హనుమయ్యే దాన్ని చేసి, పండిన వేరుశనగ గోతాల్లో తెచ్చి చెల్లెలికి ఇచ్చి వెళ్ళేవాడు. ఆ కాయల్ని వేయించి పెడితే మాత్రం ఈయన కారప్పొడి అద్దుకుని లొట్టలేసుకుంటూ తినేవాడు.

రామతులసి బుద్ధిగా ఆలోచించి ఉంటే అప్పుడే కుదరదనేది. కానీ ఆవిడ ఆలోచించలేదు, ఆశపడింది. "తీసుకోండి, రోడ్డు వైపు ఎకరం. కాకపోతే అన్నయ్య ఇంటికి రావాలి మరి" అంది. "రాకేమే, వస్తాం!" అన్నాడాయన.

హనుమయ్యకి ఫోన్లో చెప్పింది. "బావగారే? ఆయనంతట ఆయనే?" అన్నాడు. ఎందుకొస్తున్నాడో రామతులసి చెప్పలేకపోయింది. హనుమయ్య ఇంటికి సున్నం కొట్టించాడు. ముందు గదిలో కొత్త మంచం, దోమతెర వేయించాడు. బావగారికి పట్టుపంచెల చాపు కొనిపెట్టాడు. ఆదివారం తెల్లారకముందే పడవలవాళ్ళ దగ్గరికి పోయి పండుగప్ప, పీతలు తెచ్చాడు. వదిన గారెలకి పప్పు రుబ్బింది.

రెండు కార్లు వచ్చాయి. తిన్నగా ఇసకలోకి వెళ్ళాయి. ఎండెక్కేదాకా నలుగురూ కొట్టారు. బంతి ముందుకి పోలేదు, ఇసక మాత్రం కళ్ళలోకి పోయింది. మధ్యాహ్నం డిక్కీ తెరిచి విజయవాడ నుంచి తెచ్చుకున్న బిర్యానీ పెట్టెలు, మినరల్ నీళ్ళ సీసాలు దించి, కారు నీడన తిన్నారు. హనుమయ్య చేతులు కట్టుకుని దూరంగా నిలబడి చూశాడు. "ఈసారికిలా కానియ్ హనుమయ్యా, చెమటలు పట్టి ఉన్నాం" అన్నాడు రామకోటేశ్వరరావు, మూతి తుడుచుకుంటూ. పట్టుపంచెలు బీరువాలోకి వెళ్ళాయి. పీతల పులుసు వాడకట్టంతా పంచారు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇసకలో బంతి దిగబడుతోందని ఆ నలుగురూ సభ చేశారు. టీవీలో పచ్చగా ఉంది, ఇక్కడ పచ్చగా లేదు. పచ్చగా ఉండాలంటే ఏం కావాలి? రేగడి కావాలి. నలుగురివీ రేగడి పుటకలే, ఎవరికీ వేరే మాట తోచలేదు. "రేగడి లేని నేల నేలేనా? స్కాట్లాండు వాళ్ళు కూడా అడుగున ఎక్కడో తోలించే ఉంటారు. పైకి చెప్పరు" అన్నాడు రామకోటేశ్వరరావు. ఇసక మీద ఆడటం నేర్చుకోవడానికి ఇసకని కప్పెయ్యాలన్న ఆలోచన భూప్రపంచంలో ఇంకెవరికైనా వచ్చేదా?

టిప్పర్లు పెట్టి నల్ల చెరువుమట్టి తోలించారు. జేసీబీ వచ్చి దిబ్బల్ని చదును చేసింది. ఆ ఎకరంలో వేరుశనగ కాయ ఊరే దశలో ఉంది. మొత్తం మట్టి కింద పడింది. పైన లాన్ గడ్డి పలకలు పరిచారు. హనుమయ్య పంట పోయినందుకు ఏమీ అనలేదు సరికదా, "మా బావగారు మా ఇసక్కి రేగడి తోలించారు!" అని ఊరంతా చెప్పుకున్నాడు. రామతులసి అది విని తలుపు వేసుకుని ఏడ్చింది. మొగుడి మీద కోపంతో కొంత, అన్నయ్య వెర్రితనానికి కొంత.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇదే వరస. కార్లు రావడం, పెట్టెలు దించడం. ప్రతి ఆదివారం హనుమయ్య ఇంట్లో విస్తరి వేయడం, వచ్చి పిలవడం. "వచ్చేవారం, వచ్చేవారం." రామతులసి ప్రతిసారీ వెంట వెళ్ళేది, అన్నయ్య ఒక్కడే నిలబడకూడదని. కారు నీడన ఎముకలు నములుతున్న ఆ నలుగురి వీపులూ చూస్తూ ఆవిడ ఏమనుకునేదో బయటికి అంటే ఆ సంసారం అక్కడే తెగిపోయేది. మనుషులు డబ్బు పెట్టి గొప్పతనం కొనుక్కోవడం ఆవిడ చాలా చూసింది. డబ్బు పెట్టి ఇంత తెలివితక్కువతనం కొనుక్కోవడం ఇదే చూడటం.

తొలకరి పడింది. అమన్ చూడటానికి వస్తానన్న ఆదివారానికి ముందు రోజు కుండపోతగా కురిసింది. పొద్దున వెళ్ళేసరికి ఆ ఎకరం నాట్లకి దమ్ము చేసిన మడిలా ఉంది. లాన్ పలకలు తేలుతున్నాయి. హర్షవర్ధన్ ఒక అడుగు వేశాడు. కాలు వచ్చింది, బూటు రాలేదు. దాన్ని లాగబోయి ఎముకల డాక్టరు బురదలో కూలబడ్డాడు. రామకోటేశ్వరరావు గళ్ళ టోపీతో, మోకాలి దాకా బురదతో, అయినా మేకపోతు గాంభీర్యం వదలకుండా "కోర్సు కొంచెం తడిగా ఉంది" అన్నాడు.

అమన్ గట్టు మీదే నిలబడి చూశాడు. "సార్, ఇందులో వరి వేసుకోండి. బాగా పండుతుంది."

ఎవరూ నవ్వలేదు. అమన్ అటూ ఇటూ చూసి, బురద దాటి వెనకవైపు రెండో ఎకరంలోకి వెళ్ళాడు. అక్కడ ఇసక అలాగే ఉంది. అంత వానకీ పొడిగా ఉంది. దిబ్బ మీద నిలబడి గాలి ఎటు వీస్తోందో చూసి, జేబులోంచి బంతి తీసి వేసి కొట్టాడు. బంతి సముద్రం గాలికి వంపు తిరిగి, దిబ్బ అవతల పొట్టి గడ్డి మీద పడి, దొర్లుకుంటూ పోయింది.

"సార్, ఇదీ లింక్స్ అంటే!" అని అరిచాడు అక్కణ్ణుంచే. "దీన్ని వదిలేసి ఆ బురదలో ఏం చేస్తున్నారు? ఈ నేల మీద సెప్టెంబరు దాకా ఆడండి. నేనే వచ్చి నేర్పిస్తా, సంతకం పెడతా. ఎవరిది సార్ ఇది?"

రామకోటేశ్వరరావు తల తిప్పి పెళ్ళాం వంక చూశాడు. ముప్పై ఏళ్ళలో ఆ చూపు ఆవిడ ఎరగదు. కొత్త ఎరువుల కంపెనీ మేనేజరు వచ్చినప్పుడు చూసే చూపది.

"ముందు భోజనాలు చేయండి. అన్నయ్య వండించాడు" అంది రామతులసి.

ఆయన స్నేహితుల్ని చూశాడు, రెండో ఎకరాన్ని చూశాడు. "పదండి, పదండి. మా అత్తారిల్లే!" అన్నాడు.

హనుమయ్య పరిగెత్తుకెళ్ళి కాళ్ళకి నీళ్ళు పోశాడు. వరసగా విస్తళ్ళు వేశాడు. గారెలు, పండుగప్ప పులుసు, రొయ్యల వేపుడు, గడ్డపెరుగు. రామకోటేశ్వరరావు మొదటి ముద్ద నోట్లో పెట్టి, రెండోది పెట్టి, తర్వాత తల ఎత్తలేదు. "ఏం పులుసయ్యా హనుమయ్యా! ఇన్నాళ్ళూ మాకు పెట్టకుండా దాచావే!" అన్నాడు. హనుమయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంతమాట బావగారూ" అని ఇంకో ముక్క వేశాడు.

రామతులసి గుంజకి ఆనుకుని చూస్తోంది. మొక్కు ఫలించింది. దుర్గమ్మకి చీర పెట్టాలి. కానీ సంతోషం కోసం లోపల ఎంత వెతుక్కున్నా దొరకలేదు. ఆ దవడలు ఆడటం, ఆ వేళ్ళు నాకడం, గారె మీద గారె దిగిపోవడం చూస్తుంటే ఆవిడకి రోత పుట్టింది. ఈయన మీద ఎప్పుడో పుట్టింది. ఇప్పుడు పుట్టింది తన మీద. ఈ మనిషి వచ్చి తింటే తన పుట్టింటికి గౌరవం వస్తుందని అన్నేళ్ళు ఏడ్చిందా? ఈయన తినకపోతే వీళ్ళకి ఏం తక్కువైంది?

పెరుగన్నంలోకి వచ్చాక రామకోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "మరి ఆ వెనకాల ఎకరం సంగతి, హనుమయ్యా. రేపటి నుంచి..."

"దానికేముంది బావగారూ, మీ..."

"అది అన్నయ్యది కాదండీ, నాది" అంది రామతులసి. "ఇవ్వను."

స్నేహితులు ముగ్గురూ తినడం ఆపారు. అమన్ తల దించుకున్నాడు. రామకోటేశ్వరరావు నోట్లో ముద్ద అలాగే ఉంది.

"అదేంటే? అన్నం తిన్నాంగా!" అన్నాడు.

అనేశాక గానీ ఆయనకి తెలియలేదు ఏమన్నాడో. హనుమయ్యకి తెలిసింది. చేతిలో పెరుగు గిన్నె పట్టుకుని చాలాసేపు బావగారినే చూశాడు. ఆ సున్నం, ఆ మంచం, ఆ ఆదివారాలు అన్నీ హనుమయ్య మొహంలో ఒక్కొక్కటే కనబడి పోయాయి. తర్వాత వంగి, ఎప్పటిలాగే మర్యాదగా, బావగారి విస్తరి పక్కన మజ్జిగ గ్లాసు పెట్టాడు.

"మజ్జిగ తాగండి బావగారూ. తాగి బయల్దేరండి" అన్నాడు.

రామతులసి లోపలికి వెళ్ళి ఒక విస్తరి తెచ్చుకుంది. మొగుడు ఇంకా లేవకముందే ఆయనకి ఎదురుగా వేసుకుని కూర్చుంది. "వడ్డించు వదినా, ఆకలేస్తోంది" అంది.